విత్తనాల పాటలో ఆగే చోటు

మా తమ్ముడు కరెంటు లేని గిటారు కొనుక్కొచ్చిన రోజు నేను వాకిట్లో రాగులు చెరుగుతున్నాను. పావగడ బస్సు దిగి, దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదువుకుని వచ్చి, నాకెదురుగా అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంగ నాకు కరెంటు వద్దక్కా," అన్నాడు.

నేను చేట ఆపలేదు. "ఊరి సుట్టూ కరెంటు పండతా ఉంటే నీకేం రోగమొచ్చెరా వద్దనేదానికి?"

అది ఉత్త వేళాకోళం కాదు. మా మిద్దె ఎక్కి చూస్తే నాగలమడిక ఏటి దిక్కు ఒక్కటి వదిలేసి మిగతా మూడు దిక్కులా సోలార్ పలకలే. మా అమ్మ తరువాత మా ఇద్దరికీ వచ్చిన ఎర్రనేల కూడా ఆ పలకల కిందే ఉంది. కౌలుకే ఇచ్చాం గనక భూమి పహణిలో ఇప్పటికీ మా పేర్లే. లోపలికి పోవాలంటే మాత్రం గేటు దగ్గర కూర్చున్న మనిషిని అడగాలి. ఇంత జరిగీ, మా వీధిలో మధ్యాహ్నం కరెంటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు.

తమ్ముడి సంగతి చెప్పాలి. వాడు పాటగాడు. ముప్పై ఏళ్లకు పైగా మా తాలూకాలోనూ, కర్ణాటక సరిహద్దు దాటి మడకశిర దిక్కునా వాడి ఆర్కెస్ట్రా ఎక్కని జాతర స్టేజీ లేదు. పాడేవి పల్లెపాటలే గానీ, వాటికి రెండు పక్కలా మనిషెత్తు సౌండు పెట్టెలు, రిథమ్ ప్యాడు, కీబోర్డు, ఎర్రటి కరెంటు గిటారు. నెత్తిన ఒక తోలు టోపీ. క్యాసెట్ల కాలంలో వై.ఎన్.హొసకోట బస్సుల్లో వాడి గొంతే మోగేది. కండక్టరు ఎక్కడికని అడిగితే వినపడక జనం చేతులతో సైగలు చేసేవాళ్లు.

ఆ పాటల్లో సగం నా నోటి నుంచి పోయినవే. నేను కట్టినవి కావు, మా అమ్మ దగ్గర విన్నవి. నేను మూడో తరగతి దాటలేదు, అదీ కన్నడ బడిలో. కానీ ఒకసారి చెవిన పడిన పాట నా తలలోంచి పోదు. వాడికేమో గొంతుంది, జ్ఞాపకం లేదు. నేను చెబుతుంటే వాడు తెలుగు పాటను కన్నడ అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకునేవాడు. తీరా స్టేజీ ఎక్కాక రెండు చరణాలు మింగేసి, తాళం పెంచేసి, గుర్రం మీద పోతున్నట్టు పాడేవాడు. జనంలో కూర్చుని నేను పళ్లు కొరుక్కునేదాన్ని. ఇంటికొచ్చాక నిలదీస్తే, "జనానికి ఓపిక లేదక్కా" అనేవాడు. జనానికి లేదో, వాడికి లేదో, అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

అలాంటివాడు అరవై దాటాక, గొంతు పెచ్చులూడిన గోడలా అయ్యాక, పాత క్యాసెట్లన్నీ ముందేసుకుని వరసగా విన్నాడట.

"అన్నిట్లోనూ ప్యాడు ఉండాది, కీబోర్డు ఉండాది, ఈలలుండాయి. నేను యాడా లేనక్కా," అన్నాడు తీగ ఒకటి మెల్లగా మీటుతూ. "ఈసారి తొమ్మిది పాటలు చేస్తా. నేనూ, ఇదీ. అంతే. ఎవురూ లేసి ఎగిరేదానికి లేదు. కూసోని ఇనాల."

"ఎవురింటారు?"

"నువ్వింటావు గదా."

ఎనిమిది పాటలు వాడు సొంతంగా కట్టుకున్నాడు. ఒకటి ఆ తోలు టోపీ మీద. ఒకటి, మా మరదలు పోయాక ఇంట్లో రెండో కంచం ఎక్కడ పెట్టాలో తెలియక బోర్లించి పెట్టిన సంగతి. ఒకటి, గేటు మనిషి మర్యాదగానే "మీరెవరు సార్?" అని అడిగిన రోజు గురించి. అవి పాడి వినిపిస్తుంటే నేను వాడి ముఖం చూడలేక రాగుల్లో రాళ్లు వెతుక్కున్నాను. ఇన్నేళ్లలో వాడికి ఇంత మెల్లగా మాట్లాడటం వచ్చని నాకు తెలియదు.

తొమ్మిదోది మా అమ్మ పాడే విత్తనాల పాట. నాకు కావలసింది అదే. ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా ఎరిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నా తరువాత అది ఎక్కడైనా ఉండాలంటే వాడి గొంతులో ఉండాలి. ఉంటే సరిగ్గా ఉండాలి.

సరిగ్గా అంటే ఏమిటో చెబుతాను. మావి వేరుశనగ పండే నేలలు. తొలకరికి ముందు విత్తనం కాయలు ఒలుచుకోవాలి. మిషన్లో వేస్తే గింజ ముక్కు విరుగుతుంది, ముక్కు విరిగిన గింజ మొలవదని మా అమ్మ చేతనే ఒలిపించేది. పదిమంది ఆడవాళ్లు మా నడవలో గుండ్రంగా కూర్చునేవాళ్లు, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క చేట. అమ్మ ఒక ప్రశ్న పాడేది. అందరూ కలిసి జవాబు పాడేవాళ్లు. జవాబు కాగానే తలా ఒక పిడికెడు కాయలు తీసుకుని ఒలవాలి. ఒలిచినంతసేపూ పాట ఆగుతుంది.

అసలు సంగతి ఆ ఆగడంలో ఉంది. చురుకైన చేతులు ముందే ఖాళీ అవుతాయి. ఎవరో ఒకరు, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లో, చూపు ఆనని ముసలామో, వెనకబడతారు. అమ్మ తల కొంచెం పక్కకు వంచి, ఆమె చేటలో ఆఖరి గింజ పడిన చప్పుడు విని, అప్పుడు తరువాతి ప్రశ్న ఎత్తుకునేది. అందాకా మిగిలినవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవలసిందే. రెండో పిడికిలి తీసుకోకూడదు. నేను చిన్నప్పుడు గొప్పకు పోయి ఒకసారి తీసుకున్నాను. అమ్మ ఒక్క మాట అనలేదు, నా చేటలోని గింజలన్నీ ఎత్తి వెనకబడినామె చేటలో పోసింది.

ఎర్రా నేలా, ఎర్రా నేలా, ఏమి దాచినావే?
ఏమి దాచలేదమ్మా, రెండు గింజలు దాచినా.
రెండు గింజల్లోనా ఒక్కటి ఎవరికే?
ఒక్కటి నీకమ్మా, ఒక్కటి మళ్లా నాకే.

ఇలా సాగుతుంది. ఈ పాటను తమ్ముడు జాతర స్టేజీ మీద ఒకే ఒక్కసారి పాడాడు. ప్రశ్నా తానే, జవాబూ తానే, గుక్క తిప్పుకోకుండా. మూడు నిమిషాల్లో ముగిసింది. జనం తువ్వాళ్లు ఎగరేశారు. నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

అందుకే ఈసారి ముందే చెప్పాను. "ఆ పాట పాడితే కాయలు ఒలస్తా పాడాల. అడిగేది నువ్వు, జవాబు నేను. నా చెయ్యి ఖాళీ అయ్యేదంకా నువ్వు ఆగాల. ఆగలేనంటే ఆ పాట జోలికి పోవద్దు."

"ఆగతాలే అక్కా."

"నీ నోటికి ఆగేది రాదు."

"అందుకే గదా ఈ గిటారు తెచ్చుకుంటి. దీనికి ప్యాడు నీ బొటనవేలే. నువ్వు కాయ పగలగొడితే టప్పున అదే తాళం."

మరి జవాబుకు పదిమంది ఉంటే బాగుంటుందని నేను వీధిలోకి బయల్దేరాను. మా వీధి ఆడవాళ్లలో చాలామంది ఇప్పుడు సోలార్ పార్కులో పలకలు తుడిచే పనికి, గడ్డి కోసే పనికి పోతారు. తెల్లవారకముందే పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. అప్పుడే వచ్చి నడవలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఇద్దరు ముగ్గుర్ని అడిగాను.

"పెద్దమ్మా, పొద్దున్నుంచీ తుడిసి తుడిసి రెక్కలు పడిపోయినాయి. ఇంగ పాటకు కాయలు గూడా ఒలసాల్నా?" అంది ఒకామె.

"ఒలిసేది రవ్వంతే. పాట నేర్పిస్తా."

"నేర్చుకోని యాడ పాడేది? పలకలకా?" అని ఆమె అంటే మిగతావాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికొచ్చి తలుపు గట్టిగా వేశాను.

కాయలు కూడా ఇంట్లో లేవు. నా ఎరుకలో మా ఇంట్లో వేరుశనగ కాయలు లేని ఏడాది ఉండేది కాదు. ఇప్పుడు పాట కోసం తమ్ముడు హొసకోట అంగడి నుంచి ఒక సంచి మోసుకొచ్చాడు.

పాటను మైకులో పట్టడానికి వచ్చినతను కొత్తవాడు కాదు. ఇరవై ఏళ్లు తమ్ముడి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాడే. ఇప్పుడు పావగడలో బస్టాండుకు దగ్గరగా స్టూడియో పెట్టుకుని పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. తమ్ముణ్ణి అన్నా అంటాడు, నన్ను అక్కయ్యా అంటాడు. మంచివాడు. నా కోపం చల్లారని రోజున కూడా ఆ మాట కాదనలేను. మైకులు, కంప్యూటరు తెచ్చి, నా బొంతలన్నీ లోపలి గది గోడలకు వేలాడదీశాడు. కిటికీకి రెండు బొంతలు. ఫ్యాను ఆపేశాడు. గదిలో మేము ముగ్గురం, మైకులు, సంకటి ఉడికే కుండలో కూర్చున్నట్టు ఉక్క.

మొదటి రోజు తమ్ముడు ప్రశ్న పాడాడు. నేను జవాబు చెప్పి, పిడికెడు కాయలు తీసుకుని ఒలిచాను. కీబోర్డాయన చెవుల మీది డిప్పలు తీసి నా వంక చూశాడు.

"అక్కయ్యా, ఒలిసేది మొదలుపెట్టండి."

"ఒలస్తానే ఉండా గదప్పా!"

"ఏమీ ఇనపడలేదే."

తమ్ముడు వంగి నా చేటలోంచి ఒక కాయ తీసి వేళ్ల మధ్య నొక్కాడు. చప్పుడు లేదు. ఉడకేసిన కాయలా మెత్తగా విడిపోయింది. "ఇదేందక్కా, తడిగా ఉండాయి?"

అప్పుడు తట్టింది నాకు. ముందురోజు సాయంత్రం కాయల మీద నీళ్లు చల్లి, గోనెపట్ట కప్పి పెట్టాను. విత్తనానికి ఒలిచే కాయల్ని మా ఇళ్లల్లో ఎవరూ పొడిగా ఒలవరు. ముందురోజు తడిపి పెడితే తొక్క మెత్తబడుతుంది, గింజ చితకదు, వేళ్లు బొబ్బలెక్కవు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ చేసిన పని. చెయ్యి చేసుకుపోయింది, నన్ను అడగలేదు.

"విత్తనానికి ఒలసమంటినా నేను? పాటకు ఒలసమంటిని!" అన్నాడు తమ్ముడు. వాడి గొంతు స్టేజీ మీది గొంతైపోయింది.

"విత్తనాల పాటకు విత్తనాల మాదిరే ఒలస్తారు. యాడన్నా ఏరేగా ఒలస్తారా?"

"యాడ ఏస్తావక్కా ఈ విత్తనాలు? ఆ గేటు లోపలనా?"

ఆ మాట అన్నాక వాడే తల దించుకున్నాడు. కీబోర్డాయన ఇబ్బంది పడి, "పోనీలే అన్నా, కాయలు ఎండేదంకా మన గొంతులు ఆరకుంటే సాలు," అని బయటికి పోయి నీళ్లు తాగాడు. నేను సంచిలో మిగిలిన కాయలూ, ఈ తడి కాయలూ కలిపి మిద్దె మీద పరిచాను. ఎదురుగా పలకలు, ఇక్కడ నా కాయలు, రెండింటికీ అదే ఎండ. మూడు రోజులు కాకుల్ని తోలుతూ కూర్చున్నాను. కొరివి మీద నీళ్లు పోసినట్టు బుస్సుమంటూనే ఉంది నా మనసు. తప్పు నాదే. దాంతో కోపం ఇంకా ఎక్కువైంది.

రెండోసారి అంతా కుదిరిందనుకున్నాక, సగం పాటలో పలకలు కడిగే నీళ్ల ట్యాంకరు మా వీధిలోంచి పోయింది. బొంతల్లోంచి కూడా ఆ మోత వచ్చింది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి గొర్రెల మంద. మళ్లీ మొదటి నుంచి. తమ్ముడు గిటారు పక్కన పెట్టేసి, "ఈ ఊర్లో నాలుగు నిమిషాలు గమ్మునుండేవాళ్లే లేరు," అన్నాడు. ఈ మాట అంటున్నది ఎవరు, మా తాలూకాకు ముప్పై ఏళ్లు నిద్ర లేకుండా చేసినవాడు. నాకు నవ్వు వచ్చింది గానీ బయటపడలేదు.

మూడోసారి కూర్చున్న రోజు కుదిరింది.

ఎండిన కాయలు గట్టిగా ఉన్నాయి. నొక్కితే టప్పుమని పగిలాయి, ఆ చప్పుడుకు కీబోర్డాయన ముఖం వెలిగింది. కానీ నా వేళ్లు ఇప్పటివి కావు. మూడో చరణానికి బొటనవేలి మీద చర్మం చీలింది. ముందే అరిగిపోయిన వేలు అది. రేషను అంగడి మిషను దాన్ని గుర్తుపట్టదు, నెలనెలా నాలుగైదు సార్లు తుడిచి తుడిచి పెట్టాలి. నా పిడికిలి ఖాళీ అవడానికి ఎంతసేపు పట్టిందో నాకే సిగ్గేసింది.

వాడు ఆగాడు.

గిటారు తీగల మీద అరచెయ్యి బోర్లించి, తల కొంచెం పక్కకు వంచి, నా చేట వంక చూస్తూ కూర్చున్నాడు. అలా వంచమని వాడికి నేను చెప్పలేదు. ఆఖరి గింజ చేటలో పడ్డాక ఎత్తుకున్నాడు.

చిన్నా కోడలా, చిన్నా కోడలా, చెయ్యేల ఆగినాదే?

నేను జవాబిచ్చాను.

చెయ్యి ఆగలేదత్తా, బొబ్బ ఊదుకోని ఒలిసేనే.

"ఒక్కటి మళ్లా నాకే" అని నేల చెప్పే జవాబు పాట చివర మరొకసారి వస్తుంది. అది పాడి, పిడికిలి ఒలిచి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. వాడు ఎత్తుకోలేదు. బొంతలు కప్పిన కిటికీ వంక చూస్తున్నాడు. మా నేల ఆ దిక్కే. ఈసారి వెనకబడింది నా చెయ్యి కాదు. నేను పిలవలేదు, దగ్గలేదు. వాడి చూపు తిరిగొచ్చేదాకా కూర్చున్నాను. అప్పుడు చివరి రెండు పాదాలూ పాడాం. ఎనిమిది నిమిషాలు పట్టిందని కీబోర్డాయన చెప్పాడు. నా బతుకులో ఆ పాటను ఒక మగవాడు సరిగ్గా పాడటం అదే మొదటిసారి.

"బాగొచ్చిందా?" అని అడిగాడు తమ్ముడు.

"అమ్మ ఉంటే నీ సేటలో గింజలు ఎత్తుకోదు," అన్నాను.

పది పదిహేను రోజులకు వాడు ఫోను పట్టుకుని వచ్చాడు. తొమ్మిది పాటలూ అందులోకి వచ్చేశాయి, లోకమంతా వినొచ్చునట. ముందు ఎనిమిదీ విన్నాం. బాగున్నాయి. కంచం పాటకు నేను కళ్లు తుడుచుకున్నాను. తొమ్మిదోది మొదలవుతుంటే నేను లేచి పోయి చేట తెచ్చుకున్నాను. మిగిలిన కాయలు ఉన్నాయి గదా, వింటూ ఒలుద్దామని.

వాడి గొంతు అడిగింది. నా గొంతు జవాబిచ్చింది. నేను పిడికెడు కాయలు తీసుకుని ఒకటి పగలగొట్టాను. రెండోది వేళ్ల మధ్యకు రాకముందే తరువాతి ప్రశ్న అయిపోయింది. దాని జవాబు వచ్చేసింది. మూడో ప్రశ్న. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టగానే డ్రైవరు లాగించేసినట్టు. నేను పిడికిలి అలాగే పట్టుకుని కూర్చున్నాను. కాయ పగిలిన చప్పుడు కూడా ఎక్కడా లేదు. వేలు చీలింది ఉత్తికే. మూడు నిమిషాల్లో పాట ముగిసింది.

తమ్ముడు ఫోను తీసి కీబోర్డాయనకు చేశాడు. నాకూ వినపడేటట్టు పెట్టాడు.

"విత్తనాల పాటను ఏం జేస్తివిరా?"

"సూపర్‌గా వచ్చింది గదన్నా! శానామంది ఇంటా ఉండారు."

"మధ్యలో ఉండేదంతా యాడబోయ?"

"మధ్యలో ఏమీ లేదు గదన్నా. ఉత్త ఖాళీ. ఒక్కోసోట అర నిమిషం ఖాళీ ఉండాది. జనం ఫోను సెడిపోయిందనుకోని తీసేస్తారన్నా. స్టేజీ మీద నువ్వే సెప్తా ఉంటివి గదా, ఖాళీ వదిలితే జనం లేసిపోతారు, ఏదో ఒకటి వాయించు అని. ఇది వాయించేది లేదంటివి గదా, అందుకే కత్తిరించి దగ్గరికి జేర్చినా."

"ఆడ మా అక్క ఒలస్తా ఉండాదిరా."

"అక్కయ్య ఒలిసేదాన్ని మిషను నాయిస్ అనుకోని తీసేసిందన్నా."

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. "అసలుది ఉండాదా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ ఖాళీని మాత్రం ఎవరూ కత్తిరించలేదు. "పెండ్లి వీడియోకు జాగా సాల్లేదన్నా. పాట అయిపోయింది గదా అని తీసేసినా. తప్పయిపోయిందన్నా. మళ్లా పట్టుకుందాం. నేనే వస్తా."

నాకు కీబోర్డాయనను తిట్టాలనిపించింది. తిడితే ఎవరిని తిట్టాలి? ఇరవై ఏళ్లు ఆయనకు ఖాళీ వదలొద్దని నేర్పినవాడు నా పక్కనే కూర్చున్నాడు. ఆయన నేర్చుకున్నది బాగా నేర్చుకున్నాడు, అంతే.

మళ్లా పట్టుకుందాం అన్నది మాత్రం జరగలేదు. ఒక వారం కీబోర్డాయనకు పెళ్లిళ్లు. ఒక వారం తమ్ముడి గొంతు. దుమ్ముకు పట్టేసి, మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గాలి తప్ప మాట వచ్చేది కాదు. కషాయాలు తాగాడు, డాక్టరుకు చూపించాడు. గొంతుకు పని చెప్పొద్దని ఆయన అన్నాడట. ఎన్నాళ్లని అడిగితే నవ్వాడట. కీబోర్డాయన వస్తానన్న రోజున వర్షం, వర్షం లేని రోజున ట్యాంకర్లు. నేను మాత్రం రోజూ బొంతలు గోడలకే ఉంచాను. చలి మొదలయ్యాక తీసి కప్పుకోవలసి వచ్చింది.

ఈలోగా పాట ఊరంతా పాకింది. ఒక మధ్యాహ్నం పలకలు తుడిచే ఆడవాళ్లు మా వాకిలి ముందు ఆగారు. పలకలకా పాడేది అని నవ్వినామే ముందుంది.

"పెద్దమ్మా, నీ పాట ఫోన్లో పెట్టుకోని తుడస్తా ఉండాం. ఏం జోరుగా ఉండాది! ఇదో సూడు," అని, చేతిలో లేని కర్రను పైకీ కిందికీ లాగుతూ పాడి చూపించింది. ప్రశ్న ఒక లాగు, జవాబు ఒక లాగు. మిగతావాళ్లు కలిశారు. ఒక్క మాట తప్పు పోలేదు. కావాలని కోరుకున్నదే గదా, పదిమంది నోట ఆ పాట. నాకు ఏడవాలో, చేట తీసి విసరాలో తెలియలేదు.

"బాగా పాడతా ఉండారు," అన్నాను. "మీలో వెనకబడినదాని కోసరం ఎవురన్నా ఆగతారా?"

"ఆగితే నీళ్ల ట్యాంకరు ఎల్లిపోతాది పెద్దమ్మా," అందామె, ఏమీ అనుకోకుండా. అది వెటకారం కాదు, వాళ్ల పని అట్లాంటిది.

ఆ మరునాడు నాకొక ఆలోచన వచ్చింది. ఫోన్లో పాటను ఆపడానికి ఒక గుర్తు ఉంటుంది గదా, వేలితో తాకితే నిలిచిపోతుంది. ఒక్కొక్క జవాబు కాగానే నేనే ఆపేస్తే సరి. చేట ముందేసుకుని తమ్ముడి ఫోను పక్కన పెట్టుకున్నాను. ప్రశ్న, జవాబు. తాకాను. ఆగలేదు. మళ్లీ తాకాను, చీర కొంగుతో తుడిచి తాకాను. నా వేలుంది గదా, రేషను మిషను ఒప్పుకోని వేలు, దీనికీ ఒప్పుకోలేదు. చూపుడు వేలు పెడితే పాట మొత్తం పోయి ఇంకేదో ప్రకటన వచ్చింది. ఆ ప్రకటనను ఆపడమూ నాకు రాలేదు. ఫోను మీద చేట బోర్లించేశాను.

అప్పుడే తమ్ముడు లోపలికి వచ్చాడు. చేట కింద ఎవరో ఉత్సాహంగా ఏదో అమ్ముతున్నారు.

"ఏందక్కా ఇది?"

"నీ పాట ఆగదురా. నువ్వన్నా ఆగితివి, ఇది ఆగదు."

వాడు చేట ఎత్తి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు దాన్నీ, నన్నూ చూశాడు. ఇప్పుడు వాడి మాట గుసగుసలాగే వస్తుంది. ఆ గుసగుసతోనే, "ఒలువు," అన్నాడు. నాకెదురుగా కింద కూర్చుని, పాటను మొదటి నుంచి పెట్టాడు.

ఫోన్లోంచి వాడి గొంతు ఎర్రనేలను అడిగింది. నా గొంతు జవాబిచ్చింది. వాడు టక్కున వేలు పెట్టి ఆపాడు. నేను పిడికెడు కాయలు తీసుకున్నాను. అవి ఇప్పుడు మరీ ఎండిపోయి ఉన్నాయి, కొన్నిటికి పురుగు పట్టింది. వాడు తల వంచి నా చేట వంక చూస్తున్నాడు. రెండోసారి ఆపడం ఆలస్యమై తరువాతి ప్రశ్న సగం వచ్చేసింది. విసుక్కుని వెనక్కి జరపబోతే పాట ఎక్కడికో పోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. మళ్లీ తప్పింది. మళ్లీ పెట్టాడు.

"కుదిరేది కాదులేరా," అన్నాను.

"గమ్మునుండక్కా. ఈ ఆపేదాన్ని గూడా నేర్చుకోవాల గదా."

ఈసారి సరిగ్గా ఆపాడు. నేను ఒలుస్తూ ఉన్నాను. వీధిలో ట్యాంకరు పోయింది, పోనిచ్చాం. వాడు ఫోను మీద వేలు అలాగే ఎత్తి పట్టుకుని అడిగాడు.

"అయిందా అక్కా?"

"ఇంగా రెండుండాయి. ఉండు."